అత్త చేతికి తేలికైన చక్రాలు

నా చిన్నప్పుడు మా మావయ్య ఉన్న ఒక్క చేపల వ్యానూ అమ్మేసి, ఇద్దరు తప్ప మూడో మనిషి సరిగ్గా కూర్చోలేని ఎర్ర కారు ఒకటి కొన్నాడు. కొన్నది కొత్తదీ కాదు, నడిచేదీ కాదు. ఆ కబురు విని మా అమ్మమ్మ కంచం ముందు నుంచి లేచిపోయింది. మా అత్త మావయ్యతో మాటలు మానేసి, ఆయనకు చెప్పాల్సినవన్నీ ఆయన ఎదుటే నాతో చెప్పడం మొదలుపెట్టింది. "మీ మావయ్యకి అన్నం వడ్డించానని చెప్పవే" అనేది. నాకు మాత్రం పండగలా ఉంది. రేపటి నుంచి ఇల్లెలా గడుస్తుందన్న బెంగ ఆ వయసుకి ఉండదు కదా. ఇంటికి ఎర్ర కారు వచ్చింది, అంతే.

అవి తొంభైల నాటి రోజులు. మాది బందరు దగ్గర సముద్రాన్ని నమ్ముకున్న కుటుంబం. మావయ్య వేటకి వెళ్ళడం మానేసి బెజవాడలో కాపురం పెట్టాడు. కైకలూరు వైపు నుంచి కొల్లేటి చేపలు ఐసులో వేసుకొచ్చి మార్కెట్లో దించేవాడు. వాళ్ళకి పిల్లలు లేరు. మా ఊళ్ళో బడి సరిగ్గా లేదని అమ్మ నన్ను వాళ్ళింట్లో ఉంచింది. పెంపకం విషయంలో అత్త పెట్టిన ఆంక్షలన్నీ మావయ్య సడలించేవాడు, ఆయన సడలించినవన్నీ అత్త మళ్ళీ బిగించేది. ఆ ఇద్దరి మధ్య నేను హాయిగా పెరిగాను.

మార్కెట్ పని అయ్యాక మావయ్య నన్ను ఆ వ్యానులోనే బడికి దింపేవాడు. దారి పొడుగునా మాకొక ఆట ఉండేది. "ఎదర నాది, ఎడమ పక్క నీది" అనేవాడు. ఎడమ పక్క నుంచి ఏమొచ్చినా నేను ముందే కేకేసి చెప్పాలి. సైకిలు, గేదె, గంపతో మనిషి, రిక్షా, ఏదైనా సరే. ఒక్కటి కూడా వదలకుండా చెబితే సాయంత్రం జీళ్ళు కొనిపెట్టేవాడు. నేను చాలా చురుకైనదాన్ని అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. నేనూ అలాగే అనుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే మావయ్య ఇంట్లో తరచూ దేనికో ఒకదానికి తగిలి పడబోయేవాడు. దీపాలు పెట్టే వేళ దాటితే నీళ్ళ బిందె, పీట, గుమ్మం పక్కన చెప్పులు, అన్నీ ఆయన కాళ్ళకే అడ్డం వచ్చేవి. "కళ్ళు ఎక్కడ పెట్టుకుని నడుస్తున్నారండీ" అని అత్త విసుక్కునేది. విసుక్కుంటూనే రేచీకటేమోనని అనుమానపడి, పులుసులో చేప తలకాయ ఆయనకే తీసి పెట్టేది. ఇంట్లో ఎవరికీ మిగిలేది కాదు. చేప కన్ను తింటే మనిషి కన్ను బాగుపడుతుందని మా వాళ్ళందరి నమ్మకం. ఇంతకాలం సముద్రం పక్కనే బతికి, చేపలు తిని పెరిగిన మనిషికి చూపు పోవడమేమిటని అమ్మమ్మ నవ్వేసేది కూడా. మావయ్య ఆ తలకాయని మారు మాట్లాడకుండా తినేవాడు. ఆ రోజుల్లోనే, వ్యాను ఎప్పుడైనా కదపాల్సి వస్తుందంటూ పట్టుబట్టి అత్తకి బండి నేర్పించి లైసెన్సు కూడా తీయించాడు.

ఇక కారు సంగతి. ఉయ్యూరు దగ్గర ఒక చెరకు రైతు షెడ్డులో అది చాలా కాలంగా పడి ఉంది. రెండే తలుపులు, నేలకి ఆనుకున్నట్టుండే ఒళ్ళు, పొడుగాటి ముక్కు. రైతు పెళ్ళికి ముందు సరదాపడి మద్రాసు నుంచి తెప్పించుకున్నాడట. పిల్లలు పుట్టాక అందులో ఇమడలేక పక్కన పెట్టాడు. వ్యాను మీద బందరు వెళ్ళినప్పుడల్లా మావయ్య ఆ షెడ్డు దగ్గర ఆగి, ఒకసారి చూసి వచ్చేవాడు. అడిగితే "చూడ్డానికేమైనా డబ్బులివ్వాలా" అనేవాడు. అలాంటిది వ్యాను అమ్మేసి ఏకంగా దాన్నే కొనేశాడు. ఐసు దుకాణంలో ఒకాయనతో కలిసి కూర్చుంటానని, ఇక రోడ్డు మీద తిరగనని చెప్పాడు. తిరగనివాడికి కారెందుకని అత్త నన్ను అడిగింది. నేను మావయ్యని అడిగాను. ఆయన నవ్వాడు, అంతే.

కారుని ఆటోనగర్‌లో మెకానిక్కు షెడ్డుకి లాగించి ఇంజను బాగుచేయించాక మిగిలింది చక్రాలే. ఆ టైర్లు చూస్తే అరిగినట్టే ఉండవు. గీతలన్నీ నిండుగా కనిపిస్తాయి. కానీ ఏళ్ళ తరబడి ఒకేచోట నిలబడిపోయి, పక్కలంతా సన్నగా పగిలి ఉన్నాయి. వాటి లోపలి ఇనప రిమ్ములు తుప్పు పట్టిపోయాయి. కొత్త చక్రాలు వేయిద్దాం రమ్మని ఒక ఆదివారం మావయ్య మా ఇద్దరినీ ఆటోనగర్ తీసుకెళ్ళాడు. ఆయన ఐసు దుకాణం కుర్రాడి మోపెడ్ వెనకాల, మేము ఆటోలో. అత్త రానంటే రానంది. మావయ్య మొదటిసారి గొంతు తగ్గించి, "నువ్వు లేకపోతే ఇవాళ పని జరగదు" అన్నాడు. ఆ గొంతుకేనేమో, చీర మార్చుకుని బయల్దేరింది.

చక్రాల దుకాణం ఆసామి మావయ్యకి పాత స్నేహితుడు, మాటకారి. కారుని చూసి మురిసిపోయి, లోపల నుంచి నక్షత్రాల్లా మెరిసే అల్యూమినియం రిమ్ములు, వాటికి తగ్గ వెడల్పాటి టైర్లు తెచ్చి వేశాడు. ఎంత బాగుందో చెప్పలేను. నేలని గట్టిగా పట్టుకుని దూకబోయే జంతువులా ఉంది. నేను చప్పట్లు కొట్టాను. పక్క షెడ్ల వాళ్ళు కూడా వచ్చి చూశారు.

మావయ్య కారు దగ్గరకొచ్చి ఆ రిమ్ముని చాలాసేపు తడిమాడు. ఇష్టపడ్డాడని మొహంలో తెలుస్తూనే ఉంది. తర్వాత అత్త వైపు తిరిగి, "ఎక్కి కూర్చుని ఒకసారి స్టీరింగు తిప్పు" అన్నాడు. దుకాణం ఆసామి నవ్వాడు. "చెల్లెమ్మ చేత ముహూర్తం చేయిస్తావేంటయ్యా" అన్నాడు. అత్త మొహం చిట్లించుకుంటూ కూర్చుంది. నిలబడి ఉన్న కారు, అంత వెడల్పు టైర్లు, ఆ కాలపు స్టీరింగు. రెండు చేతులతో లాగినా సగం తిరగలేదు. "రాయిలా ఉంది, నావల్ల కాదు" అంది నాతో. "అయితే ఇవి విప్పేయ్" అన్నాడు మావయ్య ఆసామితో.

ఆయన విస్తుపోయాడు. ఇలాంటి బండికి టైరు వెడల్పుగా ఉంటేనే మలుపుల్లో పట్టు ఉంటుందని, కదిలాక స్టీరింగు అంత బరువుండదని ఓపిగ్గా చెప్పాడు. ఆయన చెప్పింది తప్పేమీ కాదు. మావయ్య అన్నిటికీ తలూపి, కొంచెం సన్నవి చూపించమన్నాడు. అవి వేశాక మళ్ళీ అత్తని కూర్చోబెట్టాడు. ఇంకా బరువే. చివరికి మామూలు ఇంటి కార్లకి వేసే ఇనప రిమ్ములు, సన్నటి టైర్లు వేయించాడు. ఈసారి స్టీరింగు అత్త చేతుల్లో తిరిగింది. వెంటనే మావయ్య ఎడమ సీట్లోకి వెళ్ళి కూర్చుని, ఆసామిని నడపమని చెప్పి, కళ్ళు మూసుకున్నాడు. వెనకాల ఉన్న గూడులాంటి సీట్లో మోకాళ్ళు మడుచుకుని నేనూ ఎక్కాను. ఆటోనగర్ గతుకుల్లో ఒక చుట్టు తిరిగాం. కళ్ళెందుకు మూసుకున్నావని అడిగితే చప్పుడు వింటున్నానన్నాడు. "వీటికి కుదుపు తక్కువగా ఉంది. ఇవే ఉంచు" అన్నాడు దిగుతూ.

నాకు ఏడుపొచ్చింది. అంత అందమైన కారు ఆ చక్రాల మీద, పట్టుచీర కట్టుకుని రబ్బరు చెప్పులు వేసుకున్నట్టు ఉంది. చుట్టూ చేరినవాళ్ళు కూడా ముసిముసిగా నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. మావయ్యకి రుచి తెలియదనే అనుకున్నాను.

పని అయ్యాక ఆసామి పద్ధతి ప్రకారం కారుకి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చాడు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. బండి యజమాని వాటిని తొక్కించుకుంటూ ముందుకు పోవాలి. "కానీయ్, కూర్చో" అన్నాడు. అందరం మావయ్య వైపు చూశాం.

మావయ్య కారు ముక్కు మీద చెయ్యి ఆన్చి, అలా తడుముకుంటూనే చుట్టూ తిరిగి మళ్ళీ ఎడమ తలుపు దగ్గరికి వెళ్ళాడు. అక్కణ్ణించి అత్తని పిలిచి తాళం చెవి ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వే తొక్కించాలి. నాకు పక్కలు కనపడట్లేదు. చాలా రోజులైంది. గొట్టంలోంచి చూస్తున్నట్టుంది, ఆ గొట్టం కూడా సన్నబడిపోతోంది. పెద్ద డాక్టరుకి కూడా చూపించుకున్నాను. దీనికి మందు లేదన్నాడు."

మావయ్య మెల్లగా మిగతాది కూడా చెప్పాడు. నాకు జ్వరమొచ్చి బడికి వెళ్ళని ఒక రోజు, బందరు కాలవ వంతెన మీద ఎడమ పక్క నుంచి వచ్చిన సైకిలు ఆయనకి కనపడలేదట. సైకిలు మీదున్నవాడు పక్కకి దూకి బతికాడట. ఆ సాయంత్రమే వ్యాను బేరం పెట్టాడట. "ఈ పిల్ల పక్కనుంటే తోలగలిగేవాణ్ణి. అది లేకుండా తోలలేనని తెలిశాక ఇక స్టీరింగు పట్టుకోబుద్ధి కాలేదు" అన్నాడు. పట్టుబట్టి తన చేత లైసెన్సు తీయించింది ఎందుకో అత్తకి అప్పుడు అర్థమైంది. ఎదర నాది, ఎడమ పక్క నీది అన్న ఆట ఎందుకో నాకూ అర్థమైంది. అది ఆట కాదు, ఆయన కన్ను నేను.

అత్త చాలా రోజుల తర్వాత నాతో కాకుండా ఆయనతోనే మాట్లాడింది. "రోజూ చేప తలకాయ పెట్టాను కదండీ" అంది. ఆ మాట అన్నప్పటి ఆమె మొహం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. చేతనైనంత వైద్యం తాను చేశాననీ, అది వైద్యమే కాదనీ ఒక్కసారే తెలిసిన మనిషి మొహం అది. మావయ్య ఆమె భుజం మీద చెయ్యి వేసి, "బాగుంది కాబట్టే తిన్నాను" అన్నాడు. దుకాణం ఆసామి పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

కాసేపటికి అత్త చీర కొంగు బిగించి, స్టీరింగు ముందు కూర్చుంది. నిమ్మకాయలు చిట్లిన చప్పుడు నేను వెనక సీట్లోంచి విన్నాను. ఇంటి వైపు తిప్పబోతుంటే, వెలుగుండగానే సముద్రం దాకా పోదామన్నాడు మావయ్య. ఆయనకి ఇష్టమైన కారులో, ఇంకా కొంచెం కనపడుతున్న రోజుల్లో, ఒకసారి సముద్రం చూడాలి. ఆ కారు కొన్నది అందుకే. కంకిపాడు దాటేదాకా అత్త ఏడుస్తూనే నడిపింది. తర్వాత గొంతు సర్దుకుని, "ఉయ్యూరు వచ్చిందండీ" అంది. "వాసన ముందే వచ్చిందిలే" అన్నాడు మావయ్య. చక్కెర ఫ్యాక్టరీ వాసన అక్కడ ఎవరికైనా తెలిసిపోతుంది. ముగ్గురం నవ్వాం. ఆ రోజు మేము నవ్వింది ఆ ఒక్కసారే.

ఒడ్డున దిగాక నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ మెరిసే చక్రాలు తనకీ ఎంతో నచ్చాయని చెప్పాడు. "కానీ అమ్మడూ, ఒక వస్తువు రేపు ఎవరి చేతిలో ఉండబోతోందో వాళ్ళ చేతులు చూసి కొనాలి" అన్నాడు. ఆ మాట అంటూ నా వైపు చూడలేదు. తిన్నగా ఎదురుగా, నీళ్ళలో నిలబడ్డ అత్తని చూస్తున్నాడు.

తర్వాత రెండు మూడేళ్ళకి ఆయన చూపు పూర్తిగా పోయింది. అత్త ఆయన్ని దుకాణానికీ, పెళ్ళిళ్ళకీ, బందరుకీ ఆ ఎర్ర కారులోనే తిప్పింది. టైర్లు మార్చినప్పుడల్లా ఆ సన్న సైజే అడిగేది. దారిలో వచ్చే ఊళ్ళ పేర్లన్నీ ఒక్కొక్కటే పైకి చెప్పేది. ఉయ్యూరు దగ్గర ఆయన ఎప్పుడూ అదే జవాబిచ్చేవాడు.

మావయ్య పోయాక అస్థికలు సముద్రంలో కలపడానికి కూడా ఆ కారులోనే తీసుకెళ్ళాం. మిగతా బంధువులు వెనక వేరే బండిలో వచ్చారు. ఎడమ సీట్లో గుడ్డ కట్టిన కుండ పెట్టి, కదలకుండా బెల్టు వేసింది అత్త. నేను పెద్దదాన్నయినా మళ్ళీ అదే వెనక గూట్లో మోకాళ్ళు మడుచుకుని కూర్చున్నాను. దారిలో ఆమె ఏ ఊరి పేరూ పైకి చెప్పలేదు. ఫ్యాక్టరీ వాసన తగలగానే మాత్రం "ఉయ్యూరు వచ్చిందండీ" అంది. అని, కారు కొంచెం నెమ్మది చేసి, జవాబు కోసం ఆగింది.

ఇప్పుడు మా పిల్లలు కారు కొంటూ ఏ చక్రాలు బాగుంటాయని నన్ను అడుగుతుంటారు. నడిపేదెవరు, పక్కన కూర్చునేదెవరు అని అడుగుతాను నేను. ఈవిడకి పాత కాలపు చాదస్తం అన్నట్టు చూస్తారు. చూడనీ. వాళ్ళతో ఎప్పుడు కారెక్కినా నేను ఎడమ పక్కనే కూర్చుంటాను. సైకిలు వస్తోందనీ, గేదె వస్తోందనీ ఇప్పటికీ ముందే కేకేసి చెబుతాను.