ఇల్మా నోస్కే, మిల్లు రోడ్డు

ఇల్మా నోస్కే స్పాంజి కేకుకు మొదటి బహుమతి వస్తే ఆ నీలం కార్డును బీరువాలో దాచేది. రెండోది వస్తే ఇంటికి రాగానే పొయ్యిలో పడేసేది. నలభై ఎనిమిదేళ్లు, ప్రతి అక్టోబరులో, వారిండా వ్యవసాయ ప్రదర్శనలో ఆమె కేకు పెట్టింది. భర్త కర్ట్ కోతల మధ్యలో గుండె ఆగి పోయిన ఏడాది కూడా మానలేదు. అతణ్ణి మట్టిలో పెట్టిన మూడో రోజు తనే కోత యంత్రం ఎక్కి కూర్చుని, మిగిలిన నాలుగు వందల ఎకరాలూ కోసి గానీ దిగలేదు. అలాంటి మనిషి.

ఆమె తండ్రి పేరు ఆటో. అతను పిండి మిల్లులో సంచుల మూతులు కుట్టేవాడు. చుట్టుపక్కల గోధుమంతా ఇప్పుడు ఇల్మా ఉండే మూడు మైళ్ల మట్టిదారినే మిల్లుకు వచ్చేది. ఇల్మాకు తొమ్మిదేళ్లప్పుడు, 1934 ఎండాకాలంలో, మిల్లు కాలిపోయింది. మిగిలిన రాళ్లను ఊరివాళ్లే తలా కొన్ని పట్టుకుపోయారు. కొన్ని చర్చి మెట్లయ్యాయి, కొన్ని పందుల దొడ్డి గోడలయ్యాయి. ఆటో పని చేసిన చోట ఇప్పుడు గోధుమ మొలుస్తుంది. దారిని మాత్రం జనం మిల్లు రోడ్డు అనడం మానలేదు. ఏ పటంలోనూ ఆ పేరు లేదు.

1998లో కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. అంబులెన్సులు దారి వెతుక్కోకుండా ప్రతి రోడ్డుకూ పేరు, ప్రతి గేటుకూ నంబరు పెడుతున్నారట. ఈ రోడ్డుకు హార్‌కోర్ట్ రోడ్డని అనుకుంటున్నారట. హార్‌కోర్ట్ ఆ రోడ్డు పక్కన భూమి కొని అప్పటికి రెండేళ్లయింది.

కౌన్సిల్ ఉద్యోగి గ్రాంట్ పెల్యూ ఇల్మా వంటింట్లో కూర్చుని టీ తాగుతూ నెమ్మదిగా చెప్పాడు.

"మిల్లే లేదు కదండీ. ఆ పేరు వాడుకలో ఉందని రాతలో ఏదైనా చూపించాలి. వరసగా నలభై ఏళ్లకు. మధ్యలో ఖాళీ ఉండకూడదు."

ఇల్మా లేచి బీరువాలోంచి కార్డుల కట్ట తెచ్చి అతని ముందు పెట్టింది. ఊళ్లో నోస్కేలు ఆరు ఇళ్లవాళ్లు. అందుకని ప్రదర్శన కార్యదర్శి ప్రతి కార్డు మీదా 'మిసెస్ ఐ. నోస్కే, మిల్లు రోడ్డు' అని రాసేవాడు.

పెల్యూ వాటిని ఏడాది వారీగా పేర్చాడు. "అరవై ఒకటి నుంచి అరవై తొమ్మిది దాకా లేవే?"

"అప్పుడు రెండో బహుమతి వచ్చింది."

"ఆ కార్డులేవండీ?"

"కాల్చేశాను నాయనా."

"మరి మొదటి బహుమతి ఎవరికి వచ్చింది?"

ఇల్మా అతని కప్పు తీసుకెళ్లి కడిగింది. అందులో ఇంకా సగం టీ ఉంది.

ఆ తొమ్మిదేళ్లూ గెలిచింది వెర్నా ట్రెజైజ్. అదే రోడ్డుకు రెండో చివర ఉంటుంది. మొదటిసారి ఓడిపోయినప్పుడు ఇల్మా నిండుగా ఉన్న ఊరి హాల్లో, "ఆ కేకులో బాతు గుడ్లు వేసింది, మోసం!" అని అరిచింది. కోడిగుడ్ల కన్నా బాతు గుడ్లతో కేకు ఎక్కువ పొంగి, బాగా పసుపుగా వస్తుంది. అంతే, ముప్పై ఏడేళ్లు మాటల్లేవు. మా వైపు కారులో ఎవరు ఎదురైనా స్టీరింగ్ మీంచి ఒక వేలు లేపి పలకరిస్తాం. వాళ్లిద్దరూ ఆ వేలు కూడా లేపేవాళ్లు కాదు.

మర్నాడు మధ్యాహ్నం ఇల్మా వెర్నా ఇంటికి వెళ్లింది. చేతిలో ఏమీ లేకుండా ఒకరి గడప తొక్కడం ఆమెకు అదే మొదటిసారి. కేకు తీసుకెళ్తే ఎత్తిపొడుపు అనుకుంటుందని భయం.

"దారి తప్పావా ఏమిటే?" అంది వెర్నా, జాలీ తలుపు తియ్యకుండానే.

"లేదు. నీ కార్డులు కావాలి. నన్ను ఓడించిన ఏళ్లవి."

సంగతంతా విన్నాక వెర్నా తలుపు తీసింది. "ఇస్తాను. కానీ ఆ మాట హాల్లో అన్నావు, హాల్లోనే కాదని చెప్పు."

"ఎలా కాదంటానే? నువ్వు వేసింది బాతు గుడ్లేగా!"

"అవును, వేశాను. వెయ్యకూడదని నియమాల్లో ఉందా?"

ఇల్మా తన బూట్ల వైపు చూసుకుంది. "లేదు."

"అదే చెప్పు. నాకింకేం అక్కర్లేదు."

గురువారం, రోడ్డు పేరు తేల్చడానికి కౌన్సిల్ పెట్టిన సభకు హాల్లో నలభై మంది దాకా చేరారు. హార్‌కోర్ట్ కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఇల్మా లేచి నిలబడి కుర్చీ వీపు పట్టుకుంది.

"అరవై ఒకటిలో వెర్నా మోసం చేసిందని ఇక్కడే అన్నాను. చెయ్యలేదు. దాని కేకు నా కేకు కన్నా బాగుంది." అక్కడితో కూర్చోవచ్చు. వెర్నా అడిగింది అంతే. ఆమె కూర్చోలేదు. "డెబ్బైలో నేనూ బాతు గుడ్లే వేశాను. మొదటి బహుమతి నాకొచ్చింది."

వెనక నుంచి వెర్నా గొంతు వినిపించింది. "నాకు తెలుసే. నీ కేకు పసుపు రంగు చూసి అప్పుడే అనుకున్నా."

"మరి అప్పుడు అనలేదేం?"

"నీలాగా హాల్లో గొంతు చించుకోవడం నాకు చేతకాదు మరి."

జనం పగలబడి నవ్వారు. ఇల్మా చెవుల దాకా ఎర్రబడింది, తర్వాత తనూ నవ్వేసింది. పెల్యూ బల్ల మీద ఇద్దరి కార్డులూ కలిపి పరిచాడు. వెర్నా కార్డుల మీదా మిల్లు రోడ్డనే ఉంది, ఎక్కడా ఖాళీ లేదు. మర్యాద కోసం హార్‌కోర్ట్ వైపు తిరిగి, "మీ ఇంటికి వచ్చేవాళ్లకు దారెలా చెబుతారండీ?" అని అడిగాడు.

"మిల్లు రోడ్డులో రెండో గేటు అని..." హార్‌కోర్ట్ సగంలో ఆగి, టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆగస్టులో ఇద్దరు పనివాళ్లు వచ్చి 'మిల్లు రోడ్డు' అని రాసిన ఆకుపచ్చ బోర్డు పాతారు. ఇల్మా, వెర్నా ఒకే కారులో వెళ్లి చూశారు. అక్షరాలు ఇంతింతవి, చాలా దూరానికే కనిపిస్తున్నాయి. ఇల్మా దిగి వెళ్లి చాలాసేపు చూసింది. ఏదైనా అంటుందేమోనని పనివాళ్లు పారలు పట్టుకుని ఆగారు.

"ఎడమకి వాలింది," అంది ఆమె. "సరిచెయ్యండి."

వాళ్లు మట్టి తవ్వి, స్తంభం తిన్నగా నిలబెట్టి, మళ్లీ దిమ్మిస కొట్టేదాకా ఆమె అక్కడే ఎండలో నిలబడింది.