భీమిలి అప్ప భయాలు

పొద్దున్న పాలు పొంగుతుండగా టీవీలో చెప్పారు, విశాఖపట్నం పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని. మా వారు పేపర్లోంచి తలెత్తకుండా, ఇటు రాదులే, ఒట్టి వానే అన్నారు. స్టీలు ప్లాంటులో కొలిమి పక్కన జీవితం గడిపి రిటైరైన మనిషికి గాలి ఒక లెక్కలోది కాదు. నేను మాత్రం స్టవ్ ఆపి, ఆరేసిన బట్టలు తెచ్చి, కిటికీలన్నీ బిగించి, క్రోషా సూదీ దారమూ పట్టుకుని మంచం మీద కూర్చున్నాను. ఏం అల్లాలో తెలీదు. ఊరికే గొలుసు కుట్టు వేసుకుంటూ పోయాను. భయమేస్తే ఇలా కూర్చోవాలని నాకు నేర్పిన మనిషి పోయి కొన్నేళ్లయింది.

మేం కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం కోసం వచ్చి స్టీలు ప్లాంటు క్వార్టర్సులో స్థిరపడ్డవాళ్లం. పిల్లల చదువుకని మా వారు కంప్యూటరు కొన్నారు. ఫోను తీగ తగిలిస్తే అది కాసేపు గొంతు పట్టేసిన కోడిలా అరిచి, ఆ తర్వాత ఇంటర్నెట్ వచ్చేది. మధ్యలో ఊరి నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే పోయేది. పిల్లలు బడికి వెళ్లాక దాని ముందు కూర్చునేదాన్ని నేనే. క్రోషా అల్లేవాళ్ల ఈమెయిల్ గ్రూపొకటి కంటబడితే చేరాను. అందరూ విదేశాల ఆడవాళ్లు. మంచు గురించీ ఉన్ని మేజోళ్ల గురించీ రాసుకునేవారు. ఉక్కపోతలో చెమట తుడుచుకుంటూ నేను అవన్నీ శ్రద్ధగా చదివేదాన్ని. ఒకరోజు వాటి మధ్య, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కనబడింది. వైజాగులో ఎవరైనా ఉన్నారా, మంచి తెల్లదారం ఎక్కడ దొరుకుతుంది అని. తప్పిపోయిన చుట్టం కనబడ్డట్టు ఎగిరి గంతేసి జవాబు రాశాను. ఆ రాత్రి భోజనాల దగ్గర మా వారు, అవతల ఉన్నది ఆడో మగో ఎవరు చూశారు అన్నారు. ఆ మాట ముల్లులా దిగింది. నెలల తరబడి ఉత్తరాలు నడిచాయి గానీ, ప్రతి ఉత్తరం చదువుతున్నప్పుడూ దాని వెనక ఒక మీసాల మొహం కనబడేది.

చివరికి పూర్ణా మార్కెట్లో దారాల కొట్టు దగ్గర కలుద్దామని రాసింది. చేతికున్న బంగారు గాజులు తీసి బీరువాలో పెట్టాను. పక్కింటావిడకి, చీకటి పడేలోగా రాకపోతే పోలీసులకి చెప్పమని చెప్పాను. మా వారిని ఎదురుగా బెల్లం కొట్టు ముందు కాపలా పెట్టాను. దారాల కొట్టు మెట్టు మీద నిలబడ్డాను. పొడుగ్గా, చామనచాయగా ఉన్న ఒకావిడ, సంచి గుండెకి అదుముకుని, నాకంటే బెదురుగా దగ్గరికొచ్చింది.

"నువ్వేనేటి? నాను మగోడేమో అనుకున్నాను" అంది.

ఆవిడ కూడా మొగుణ్ని వెంట తెచ్చుకుని దూరంగా నిలబెట్టిందట. ఎక్కడా అని చూస్తే, మా కాపలాదార్లిద్దరూ అదే బెల్లం కొట్టు ముందు పక్కపక్కన నిలబడి, ఒకరెవరో ఒకరికి తెలీకుండానే అగ్గిపెట్టె ఇచ్చిపుచ్చుకుంటున్నారు. ఇద్దరం దారాల మీద వాలిపోయి నవ్వాం. నేను అక్కా అని పిలిస్తే, మా వైపు అప్ప అంటారు, అలాగే పిలు అంది. అంతే, అప్ప అయిపోయింది.

అప్పది భీమునిపట్నం, అందరూ భీమిలి అనే ఊరు. బస్టాండు దగ్గర జిరాక్సు షాపులో పనిచేసేది. షాపులో ఉన్న ఒక్క కంప్యూటరూ బేరాల్లేనప్పుడు ఆవిడదే. మొగుడు చేపల బోటు డ్రైవరు. వేటకి వెళితే రోజుల తరబడి రాడు. మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు నాకు నవ్వాగలేదు. టీవీకి క్రోషా ముసుగు, ఫ్రిజ్జుకి ముసుగు, బిందెకి ముసుగు, ఆఖరికి గ్యాసు బండకి కూడా కుచ్చుల గౌను. ఇంత ఓపిక ఎక్కడిదప్పా అన్నాను. ఆవిడ నవ్వలేదు.

"ఇయ్యి అందానికి కాదు సెల్లీ. బోటు రాని రోజులియ్యి" అంది.

ఆ మాట తర్వాత ఆ ఇంట్లో ఏ ముసుగుని చూసినా అది ఎన్ని రోజులదో అని లెక్కపెట్టేదాన్ని.

పెద్ద తుఫాను వచ్చిన ఏడు, మా వారు డ్యూటీ మీద ఢిల్లీ వెళ్లారని నేను అప్ప దగ్గర రెండ్రోజులు ఉండొద్దామని వెళ్లాను. తుఫాను ఎటో పోతుందన్నారు, తీరా మామీదికే తిరిగింది. బస్సులు ఆగిపోయాయి. అప్ప మొగుడి బోటు సముద్రంలోనే ఉంది, కబురు లేదు. తెల్లారేసరికి గాలి, ఏదో పెద్ద జంతువు ఇంటి చుట్టూ తిరుగుతూ తలుపులు వాసన చూస్తున్నట్టు మూలిగింది. అప్ప నా చేతిలో సూది పెట్టింది.

"అల్లు. పైకి సూడకు" అంది.

చూడకుండా ఎలా ఉంటాం? ఇంటి కప్పు మీది మొదటి రేకు లేచిపోయినప్పుడు ఇంట్లోకి ఆకాశం దిగింది. అప్ప ముసలి అత్తగారిని వీపున వేసుకుని వీధి దాటి ఎదురుగా ఉన్న బడి డాబాలోకి పరిగెత్తింది. వెనకే రమ్మని అరిచింది. నేను ద్వారబంధం పట్టుకుని ఉండిపోయాను. కొబ్బరి మట్టలు కత్తుల్లా ఎగురుతున్నాయి. అత్తగారిని దింపి అప్ప మళ్లీ నా కోసం వచ్చింది. నా పైట చెంగుని తన చెంగుకి ముడేసి, గొడ్డుని లాక్కెళ్లినట్టు లాక్కుపోయింది.

బళ్లో జనం దేవుళ్లందర్నీ పిలుస్తున్నారు. అప్ప గోడకానుకుని కూర్చుంది. ఒక్క కన్నీటి చుక్క లేదు. అప్పుడు ఆవిడ చేతులు చూశాను. సూది లేదు, దారం లేదు. వేళ్లు మాత్రం ఒళ్లో అల్లుతూనే ఉన్నాయి. ఆ రోజు గాలికంటే ఆ వేళ్లకే నేను ఎక్కువ భయపడ్డాను.

బోటు కాకినాడ వైపు తలదాచుకుందని తర్వాత తెలిసింది. ఆయన గడ్డం పెంచుకుని గుమ్మంలోకి వచ్చిననాడు అప్ప చెంబుతో కాళ్లకి నీళ్లిచ్చింది. అన్నం వడ్డించి, పెరట్లోకెళ్లి వాంతి చేసుకుంది.

చాలా ఏళ్లకి, ఆ బోటు మనిషి ఎప్పుడూ క్షేమంగానే తిరిగొస్తుండగా, జబ్బు అప్పకి వచ్చింది. రొమ్ములో గడ్డ. ఆపరేషన్ అన్నారు. థియేటర్లోకి తీసుకెళ్లేముందు నన్ను దగ్గరికి పిలిచింది. చెయ్యి మంచులా ఉంది.

"మాయనకి కాసుకుని కూకోడం రాదు. ఇన్నాళ్లూ ఆ పని నాదే కదా. నువ్వు పక్కనుండు" అంది.

నిజంగానే ఆయనకి రాలేదు. లిఫ్టు దాకా వెళ్లేవాడు, తిరిగొచ్చేవాడు, మూసిన తలుపుకి చెవి ఆనించేవాడు, నర్సు కసిరితే ఇంకో నర్సుని అడిగేవాడు. చూడలేక నా సంచిలోంచి సూదీ దారమూ తీసి చేతిలో పెట్టాను. వద్దనలేదు. బెంచీ మీద కూర్చుని, దారం తెగిపోతుందేమో అన్నంత బిగువుగా లాగుతూ, వంకరటింకర గొలుసొకటి అల్లాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"అమ్మా, నాను ఏటకెల్లిన పెతీసారీ ఇది ఇలాగే కూకునీదా?"

అవునన్నాను. ఆయన అప్పటిదాకా అల్లిందంతా విప్పేసి, మళ్లీ మొదటి ముడి వేసుకున్నాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆయన మళ్లీ సముద్రం మీదికి వెళ్లలేదు. హార్బర్లో వలలు బాగుచేసే పనికి కుదిరి, రోజూ సాయంత్రానికి ఇంటికొచ్చేవాడు. ఇప్పుడు ఎప్పుడూ కళ్లముందే ఉంటన్నాడు, అల్లడానికి తీరికే నేదు అని అప్ప ఫోన్లో విసుక్కునేది. అంత సుఖమైన విసుగు నేను ఇంకెక్కడా వినలేదు. జబ్బు తిరగబెట్టేదాకా అలా కొన్నేళ్లు నడిచింది. అప్ప పోయిననాడు నేను భీమిలి బస్సులోనే ఉన్నాను. నేను వెళ్లేసరికి ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని, వదిలితే ఏమైపోతుందో అన్నట్టు చూస్తూ కూర్చున్నాడు.

మా ఈమెయిల్ గ్రూపు కూడా ఎప్పుడో మూతపడింది. మేం రాసుకున్నవన్నీ దాంతోపాటే పోయాయి. కాలం మనిషిని తీసుకుపోతుంది, మాటల్ని కూడా తీసుకుపోతుంది. ఒకరి కోసం ఒకరు పడ్డ భయాన్ని మాత్రం ఎందుకో ముట్టుకోదు. అది ఇంకా, ఈ సూది పట్టుకున్న నా చేతుల్లో వెచ్చగానే ఉంది.