కొండరాయి గొంతు

బుచాన్ రైల్వే స్టేషన్ వెనక వీధిలో కంప్యూటర్ గేముల షాపు నడిపే ప్యో గిల్‌జుంగ్ పుట్టుకతో అనుమానపు మనిషి కాదు. తను ఆడిన పాత ఆన్‌లైన్ ఆటలో సొంత తమ్ముడిలా చూసుకున్నవాడొకడు సరిగ్గా యుద్ధం నాడు కోట తలుపులు శత్రువులకు తీసి, వాళ్ళ దళంలో చేరిపోయాడు. అప్పటినుంచి గిల్‌జుంగ్‌కి తాడు కనిపిస్తే చాలు, పామే.

అతని దళం పేరు ఎర్ర గుమ్మం. తనతో కలిపి పదకొండు మంది. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. రోజూ సాయంత్రం మైకుల్లో తిట్టుకుంటూ ఏళ్ళ తరబడి కలిసి ఆడారు. వేలమంది ఒకే లోకంలో తిరిగే కొత్త ఆట వస్తోందనేసరికి అందరూ మూటాముల్లే సర్దేశారు.

ఆట తెరవడానికి వారం ముందు, దళాల పేర్లు ఎవరు ముందు నొక్కితే వాళ్ళవి. పన్నెండు కొట్టగానే గిల్‌జుంగ్ నొక్కాడు. ఆ పేరు అప్పటికే ఎవరో పట్టేశారని తెర చెప్పింది. ఆ ఆట ఒక్కో సర్వర్లో ఒక్కో లోకంగా విడివిడిగా నడుస్తుంది. ఏ సర్వర్‌లో దిగుతున్నారో దళానికి తప్ప పురుగుకి కూడా తెలియదు. అంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడన్నమాట.

"కొండరాయిగాడే అన్నా," అన్నాడు దొక్సు. దొక్సు సిటీ బస్సు డ్రైవరు, గిల్‌జుంగ్‌కి కుడిభుజం. "ఆరేళ్ళలో వాడు మైకులో ఒక్క ముక్క మాట్లాడాడా? అన్నీ టైపు కొట్టడమే. గొంతు వింటే ఫలానావాడని పట్టేస్తామని భయం వాడికి."

కొండరాయి దళంలో డాలు మోసేవాడు. అందరికంటే ముందు నిలబడి దెబ్బలు తినేవాడు. గిల్‌జుంగ్ తిట్లలో సగం వాడి వాటాకే వచ్చేవి. ఎంత తిట్టినా నవ్వుతూ బదులు టైపు కొట్టేవాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వులోనూ గిల్‌జుంగ్‌కి ఏదో తేడా కనిపించింది.

"మాట్లాడకపోతే దొంగైపోతాడా?" అంది భార్య బొక్‌హీ, నూడుల్స్ గిన్నెలు కడుగుతూ. "ఆరేళ్ళు నీ దెబ్బలు వాడు తిన్నాడు."

"మంచివాడికి గొంతు దాచుకునే ఖర్మేంటే?"

వేగులవాళ్ళను పట్టడానికి దళాల్లో ఒక పద్ధతుంది. ప్రతివాడూ మైకులో తన వయసు, ఊరు చెప్పాలి. గిల్‌జుంగ్ తెలివి చూడండి, దొంగ జాగ్రత్తపడతాడని పేరు పోయిన సంగతి దళంలో దొక్సుకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఊరికే గొంతు వినిపించమన్నాడు. తొమ్మిదిమంది వినిపించారు.

"అన్నా, ఇదొక్కటి అడక్కు. ఇంకేం చెప్పినా చేస్తా," అని కొట్టాడు కొండరాయి.

"మాట్లాడు. లేదంటే పో."

కొండరాయి ఇంకేమీ కొట్టలేదు. గిల్‌జుంగ్ దళంలోంచి వాడి పేరు తీసేశాడు. ఆ వారమంతా అన్నం సహించలేదు గానీ, ఆ మాట పెళ్ళానికి చెబుతాడా?

శనివారం మధ్యాహ్నం ఆట తెరిచారు. షాపులో కుర్చీ ఖాళీ లేదు. ఆటలోని మొదటి ఊళ్ళో ఇసకవేస్తే రాలని జనం. ఆ జనం మధ్య, తలమీద ఎర్ర గుమ్మం పేరు పెట్టుకుని, డాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు కొండరాయి.

"చెప్పానా?" అన్నాడు దొక్సు.

గిల్‌జుంగ్‌కి ఒళ్ళు మండిపోయింది. "సిగ్గులేదురా నీకు?" అన్నాడు, దగ్గరున్నవాళ్ళందరికీ వినిపించే ఆట మైకులో.

జవాబుగా తెరమీద ఒక ప్రశ్న వచ్చింది: ఎర్ర గుమ్మం నాయకత్వం మీకు అప్పగిస్తున్నారు, తీసుకుంటారా? ఆ వెంటనే అందరి చెవుల్లో ఒక ముసలి ఆడగొంతు వినిపించింది.

"పన్నెండింటికి నీ షాపు నిండా జనమే. నీ ఇంటర్నెట్టు నడవదని ముందే పట్టి ఉంచా. చెబితే నా పని నాకు రాదా అని ఎగురుతావు. ఇవాళ ఇద్దామనుకున్నా, ఇదిగో తీసుకో. అరవై తొమ్మిదేళ్ళు, మొక్‌పో. చాలా?"

ముందుగా దొక్సు సర్దుకున్నాడు. "అయ్యయ్యో, పెద్దమ్మగారూ, తెలీక అన్నాం. మీరు వెనక కూర్చోండి, దెబ్బలు మేం తింటాం."

"ఇదిగో, ఇందుకే నోరు మూసుకుంది," అంది ఆవిడ. "ఇంట్లో, వీధిలో, బస్సులో అందరూ కుర్చీ చూపించేవాళ్ళే. నన్ను ముందుకి తోసింది మీరొక్కరే. అదీ పోయింది. ఇక ఉంటా, సెలవు."

గిల్‌జుంగ్‌కి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెద్దవాళ్ళ ఎదుట మందు తాగాలంటే మర్యాదకి మొహం పక్కకి తిప్పుకునే పెంపకం అతనిది. కాళ్ళమీద పడదామనిపించింది, కానీ పడితే ఆవిడ ఇంకా దూరం పోతుందని అర్థమైంది. నాయకత్వం వద్దని నొక్కేశాడు.

"అది నీ దగ్గరే ఉండనీ," అన్నాడు. "ఇకనుంచి తిట్టేది నువ్వు. పడేది మేం."

ఆవిడ డాలెత్తి అందరికంటే ముందుకొచ్చి నిలబడింది.

"ఆ బస్సు డ్రైవర్ని నా వెనక నిలబడమను," అంది. "ఇంకోసారి కూర్చోమంటే తరిమేస్తా. నువ్వు మాత్రం నా పక్కనే, కళ్ళముందు నడు. నిన్ను నేనింకా నమ్మను."

నిజమే కదా, అనుకున్నాడు గిల్‌జుంగ్. వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాడు.