ఫెల్ అని రాయాల్సిన చోట

తెనాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేరిన మొదటి ఏడాది. రోజూ రేపల్లె నుంచి రైల్లో వచ్చి వెళ్లేదాన్ని. మాది చేపల వ్యాపారం చేసుకునే ఇల్లు. నా కంటే ముందు ఇంగ్లీషులో రాయవలసిన పని మా ఇంట్లో ఎవరికీ పడలేదు.

జ్వరంతో చేరిన ఒక పెద్దావిడ ఓ మధ్యాహ్నం బాత్‌రూములో జారిపడ్డారు. నేనే లేపి మంచం మీద కూర్చోబెట్టాను. "ఏం కాలేదులే అమ్మాయ్" అన్నారు. బీపీ చూసి, జరిగింది కేస్ షీటులో రాశాను. పడ్డారనడానికి 'ఫెల్' అని రాయాలి. నేను 'ఫెల్ట్' అని రాశాను. అంటే ఆవిడకు బాత్‌రూములో ఏదో అనిపించిందని అర్థం. డ్యూటీ అప్పగించేటప్పుడు నోటితో కూడా చెప్పాలి. రైలుకు టైమైపోతోందని చెప్పకుండానే వెళ్లిపోయాను.

సాయంత్రం షీటు చూసిన డాక్టరు, కళ్లు తిరిగి ఉంటాయనుకుని సెలైన్ పెట్టించారు. మర్నాడు నేను వెళ్లేసరికి ఆవిడ కుడి మణికట్టు బాగా వాచిపోయి ఉంది. ఎక్స్‌రే తీస్తే ఎముక విరిగిందని తేలింది.

డాక్టరు షీటు నా ముందు పెట్టారు.

"ఏంటి సిస్టర్ ఇది? ఆవిడకి ఏమనిపించింది?"

"అనిపించడం కాదండి. పడిపోయారండి."

"మరి ఆ ముక్క రాయొచ్చు కదా?"

"అదే రాశాననుకున్నానండి."

పిండికట్టు వేశాక ఆవిడ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను. బాపట్లలో ఇంగ్లీషు టీచరుగా పనిచేసి రిటైరయ్యారని అప్పుడే తెలిసింది. తిడతారనుకున్నాను. ఆవిడ కట్టు చెయ్యి ఒళ్లో సర్దుకుని అడిగారు.

"ఫీల్‌కి పాస్ట్ టెన్స్ ఏంటి?"

"ఫెల్ట్ అండి."

"ఫాల్‌కి?"

"ఫెల్ అండి."

"తెలుసుగా. మరేమైంది?"

"తొందరలో చేతికి అదొచ్చేసిందండి."

"అయితే చేతికే నేర్పాలి. ఈ కట్టు విప్పాక ఆదివారాలు బాపట్ల రా."

నాలుగు నెలలు వెళ్లాను. క్రియల పట్టికలు బట్టీ పట్టించలేదు. ఆ వారం వార్డులో ఎవరు తిన్నారో, ఎవరు పడుకున్నారో, ఎవరు ఏడ్చారో ఇంగ్లీషులో రాయించేవారు. ఒకరోజు విసుగొచ్చి అడిగాను, "ఈ మాటలు ఇలా ఎందుకు మారతాయి టీచరుగారూ?"

"ఇటు రా అంటాం. వస్తే వచ్చాడంటాం. ఆ 'రా' ఏమైపోయిందని నువ్వెప్పుడైనా అడిగావా?" అన్నారు.

ఆసుపత్రిలో నన్ను మందలించి వదిలేశారు. కట్టు విప్పాక ఆవిడ మణికట్టు మాత్రం మునుపటిలా తిరగలేదు. ముడి వేసుకోవడం కష్టమై జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నారు. నేను బాపట్ల వెళ్లిన మొదటి ఆదివారం గుమ్మంలో ఆవిణ్ణి చూసి గుర్తుపట్టలేదు. "లోపలికి రా, నేనే" అన్నారు.