అర అంగుళం వదలని బెల్టు

పెళ్లికూతుర్ని అమీర్‌పేట నడిరోడ్డు మీద జీపులోంచి దింపి, పట్టుచీరతో చర్చి దాకా నడిపించిన ఘనుడు హైదరాబాదు మొత్తానికి ఒక్కడే ఉంటాడు. ఆ ఘనుణ్ణి నేనే. ఈ ఘనకార్యం ఎలా సాధించానో చెబుతాను, స్థిమితంగా కూర్చోండి.

అవి అమీర్‌పేటలో టీ కొట్ల కన్నా కంప్యూటర్ కోచింగ్ సెంటర్లు ఎక్కువున్న రోజులు. నేను ఏలూరు నుంచి వచ్చి, సనత్‌నగర్‌లో మా పెదనాన్న ఇంట్లో మకాం పెట్టి, జావా నేర్చుకుంటున్నాను. కోర్సు సగమే అయింది గానీ ఆత్మవిశ్వాసం మాత్రం పూర్తయింది.

పెదనాన్నకు ఒక పాత డీజిల్ జీపు ఉండేది. తన కూతురు సుజాతక్క అందులోనే పెళ్లికి వెళ్లాలని ఆయన పట్టు. సరిగ్గా పెళ్లి ముందురోజు అది స్టార్ట్ చేయగానే కీచుమని అరిచింది. బ్యాటరీ లైటు కూడా వెలిగి ఆరనంది. ఆల్టర్నేటర్ బెల్టు వదులైందన్నమాట. బ్యాటరీకి ఛార్జింగ్ ఇచ్చే యంత్రాన్ని తిప్పేది ఆ బెల్టే.

"మెకానిక్‌కి కబురు పెడతాను," అన్నాడు పెదనాన్న.

"నేనుండగా మెకానిక్ ఎందుకు పెదనాన్నా?"

"ఒరే సుధా, దాని జోలికి పోకు," అంది అక్క. "మా తర్వాత అదే చర్చిలో ఇంకో పెళ్లుంది. పదింటికల్లా నేను అక్కడ లేకపోతే వాళ్ల పెళ్లి ముందు చేసేస్తామని పాస్టర్ గారు చెప్పారు. నా పెళ్లి సాయంత్రానికి పోతుంది."

"నీ పెళ్లి నా పూచీ," అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా ముఖం మీరు చూసి ఉండాల్సింది.

నేరుగా నెట్ సెంటర్‌కు వెళ్లి విషయం చదివి వచ్చాను. బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలట. మీరైతే అక్కడితో ఆగేవారు. నేను అమీర్‌పేట విద్యార్థిని. నా కంటికి ఆ అర అంగుళం పాస్ మార్కులాగా కనబడింది. పాస్ మార్కులతో ఈ ఊళ్లో ఎవడికి ఉద్యోగమొచ్చింది? అసలు దిగకుండా బిగించామనుకోండి, అది డిస్టింక్షన్.

బానెట్ ఎత్తగానే పక్కింటి యాదగిరన్న వచ్చేశాడు. ఆయన ఎర్రమంజిల్‌లో సర్కారు గుమాస్తా. బానెట్ ఎత్తిన చోట ఆయన లేకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

"ఏం చేస్తున్నవ్ తమ్మీ?"

"ఆల్టర్నేటర్‌ని పక్కకు లాగి పట్టుకుంటే బెల్టు బిగుస్తుందన్నా. అప్పుడు నేను బోల్టు తిప్పేస్తాను."

"గంతేనా? ఫికర్ చెయ్యకు. చేతులతోని కాదు గానీ, ఏదన్న కట్టె తే."

పెళ్లి అరిసెలకు పిండి దంచిన రోకలి తెచ్చి ఇచ్చాను. ఆయన దాన్ని సందులో దూర్చి ఒరిగాడు.

"జర గుంజన్నా," అన్నాను, ఆయన భాషలో అయితే బలం ఎక్కువ వస్తుందని.

"గుంజుతున్న. ఇగ చాలు తమ్మీ, మస్తు గట్టిగున్నది."

"లేదన్నా, ఇంకా వెంట్రుకవాసి దిగుతోంది."

చివరికి వేలితో మీటితే బెల్టు తంబురాలా మోగింది. మోగిందంటే పని అయిపోయినట్టేనని యాదగిరన్న తీర్పు చెప్పాడు. బండి స్టార్ట్ చేస్తే కీచు లేదు, లైటూ లేదు. పెదనాన్న నా వీపు తట్టాడు. అక్క మాత్రం, "ఇంత నిశ్శబ్దంగా ఉంటే ఇంకా భయంగా ఉందిరా," అంది.

మర్నాడు పొద్దున స్టీరింగు నాదే. పక్కన పెదనాన్న, వెనక అక్క, ఆమె చేతిలో పూలగుత్తి. అమీర్‌పేట చేరేదాకా స్వర్గంలా ఉంది. ఆ తర్వాత ముందు నుంచి ఏదో మూలుగు మొదలైంది.

"అదేం చప్పుడురా?" అంది అక్క.

"గేరు మార్చానక్కా."

"కాలిన వాసన వస్తోంది."

"పక్క బండిది."

"మరి ఆ పొగ?"

ఇంకో అబద్ధం వెతుక్కునే లోపే టప్పుమని బెల్టు తెగింది. నేను బిగించిన బిగింపుకి ఆల్టర్నేటర్ బేరింగు మాడిపోయిందట. రేడియేటర్ నీళ్లు తిప్పే పంపుకి కూడా ఆ బెల్టే దిక్కు కాబట్టి, నీళ్లు కుతకుతా ఉడికి జీపు రోడ్డుకి అడ్డంగా నిలబడిపోయింది.

"ఏంటిరా ఇది?" అన్నాడు పెదనాన్న.

"అర అంగుళం పెదనాన్నా," అన్నాను.

పూలగుత్తి నా చేతిలో పెట్టి అక్క కిందికి దిగింది. నేను కంగారులో దాంతోనే ఆవిరిని విసరసాగాను. ఆటో ఎక్కిద్దామంటే ఆటోలన్నీ మా జీపు వెనకే ఇరుక్కున్నాయి.

"అన్నా, పెళ్లికూతుర్ని పంజాగుట్ట చర్చి దగ్గర దింపుతావా?" అని మొదటి ఆటో అతన్ని అడిగాను.

"దింపుత. ముందుగాల నీ బండి తియ్యి."

అక్క మా ఇద్దరినీ ఒకసారి చూసి, కుచ్చిళ్లు ఎత్తిపట్టి నడక మొదలుపెట్టింది. వెనకే పెదనాన్న, ఆయన వెనక ఉడికిన పూలతో నేను. అక్కడ ఫుట్‌పాత్ మీద అడుగుకొకడు కరపత్రాలు పంచుతున్నాడు. పెళ్లికూతురైనా సరే వదల్లేదు. "మేడమ్, జావా, ఒరాకిల్, ఫ్రీ డెమో." వద్దని ఆగితే ఆలస్యమవుతుందని, వాళ్లు ఇచ్చినవన్నీ అందుకుంటూనే అక్క నడిచింది.

మేం వెళ్లేసరికి రెండో పెళ్లివారు మెట్లెక్కుతున్నారు. అక్క వాళ్లను తోసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆల్బమ్‌లో ఇప్పటికీ ఉంది ఆ ఫోటో. ముఖమంతా చెమట, పెదాల మీద విజయగర్వం, చేతిలో పూల బదులు గుప్పెడు కరపత్రాలు.

పెళ్లయ్యాక అందులో ఒక కరపత్రం పట్టుకుని ఫ్రీ డెమోకి వెళ్లింది అక్క. కోర్సు పూర్తి చేసి, నా కన్నా ముందే సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరింది. నాకు ఏడుపొచ్చింది, సంతోషమూ వేసింది. ఎవరైనా ఉద్యోగం ఎలా వచ్చిందని అడిగితే ఈనాటికీ ఒకటే చెబుతుంది.

"మా తమ్ముడే ఇప్పించాడండీ. బెల్టు బిగించి."

అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ బండి బానెట్టూ ఎత్తను. ఏది బిగించాల్సి వచ్చినా అర అంగుళం వదిలే బిగిస్తాను. మా వంటింట్లో కుళాయి ఏడాదిగా కారుతోంది. కారనివ్వండి.