జీపులోంచి నన్నే చూసిన మనిషి

డెబ్బైల చివర్లో నేను ఒమన్‌లోని రైసూత్ ఓడరేవులో కూలి పని చేసేవాణ్ణి. శుక్రవారం డ్యూటీ ఉండదు కాబట్టి సాయంత్రం ఇసుకలో ఫుట్‌బాల్ ఆడేవాళ్లం. నేనూ, నా రూమ్‌మేట్ ఖాదరూ గోలు ముందు బ్యాక్ ఆడేవాళ్లం.

ఒక శుక్రవారం ఓ ఒమానీ పెద్దమనిషి జీపు ఆపి ఆట చూశాడు. బంతి ఎటు పోయినా అతని చూపు నా మీదే. మరుసటి వారమూ వచ్చాడు.

"సీఐడీ ఉంటడు. జర పైలం," అన్నాడు ఖాదర్.

నా పాస్‌పోర్టు కంపెనీ దగ్గరుంది. ఎవరో చాడీలు చెప్పారు, ఇక విమానం ఎక్కించేస్తారని భయపడ్డాను. ఆటంతా ఓరకంట జీపునే కనిపెట్టుకుని ఉన్నాను. నా పక్కనుంచే రెండు గోల్స్ పోయాయి.

ఆట అయ్యాక అతను వచ్చి ఖాదర్ భుజం తట్టాడు.

"మా సలాలా క్లబ్బుకు బ్యాక్ కావాలి. నువ్వు రా," అన్నాడు హిందీలో. తర్వాత నావైపు తిరిగాడు. "పోయినవారం నిన్నే అనుకున్నాను. బంతి ఎంత దూరంలో ఉన్నా దానిమీదే కన్నేసి ఉంచావు. ఇవాళేమో నన్ను చూస్తూ ఉండిపోయావు."

అనవసరపు భయం ఎంత చేటో ఆరోజు తెలిసింది. కానీ సీఐడీ మాట ఎత్తింది ఖాదరే కదా. అతనెవరో వాడికి ముందే తెలుసేమోనన్న అనుమానం మాత్రం ఇన్నేళ్లయినా పోలేదు.