గుప్పిట్లో పూసలు

మదనపల్లె బస్టాండులో టీ పోసిచ్చే కాగితం కప్పుల గురించి ఎవరైనా ఒక మాట మాట్లాడితే బాగుండును. గట్టిగా పట్టుకుంటే నలిగి టీ చీరమీదికి వస్తుంది, మెల్లగా పట్టుకుంటే జారి కాళ్ళమీదికి వస్తుంది. ఇది సాక్ష్యమా, ఫిర్యాదా అనుకుంటారేమో. సహోదరీ సహోదరులారా, కాస్త ఓర్చుకోండి, ఆ కప్పు దగ్గరికే వస్తాను.

మాది పుంగనూరు. బీకాం చదివాను, దానివల్ల ఎవరికీ హాని జరగలేదు. ఒకరోజు పొద్దున దోసె తిరగేస్తుంటే నా కుడిచెయ్యి నాతో ఒక మాటైనా చెప్పకుండా పని మానుకుంది. పక్షవాతం అన్నారు. కుప్పం ఆసుపత్రిలో మాటా నడకా తిరిగొచ్చాయి గానీ చెయ్యి మాత్రం పిడికిలి బిగించుకొని కూర్చుంది. దాంట్లో ఏదైనా దూరిస్తే పట్టుకునేది, వదలమంటే వదిలేది కాదు, ఎడమచేత్తో ఒక్కొక్క వేలూ లాగాల్సిందే. అన్నం కలుపుకోలేను, జడ వేసుకోలేను, మా ఆయన వేసిన జడతో ఆదివారం మందిరానికి పోవడాన్ని శ్రమల్లో ఒకటిగా లెక్కపెట్టవచ్చు. ఇప్పుడు ఇట్లా రాస్తున్నాను గానీ, అప్పుడు గోడవైపు తిరిగి పడుకొని, "ప్రభువా, నాకు ఈ చెయ్యి తిరిగియ్యి, ఇంకొకరు తినిపిస్తే తినే బ్రతుకు నాకొద్దు" అనేదాన్ని. అది ప్రార్థనో బెదిరింపో ఆయనకే తెలియాలి.

చిన్న చిన్న వస్తువులు పట్టుకునేది, వదిలేది అలవాటు చెయ్యమని, ఇంట్లో ఆవాలు ఏరినా చాలని ఆసుపత్రిలో కసరత్తు నేర్పే అమ్మాయి చెప్పింది. ఆవగింజంత విశ్వాసం చాలని మనమంతా విన్నదే. నాకు విశ్వాసం ఉండింది, ఆవగింజే వేళ్ళకు దొరకలేదు.

నా తంటాలు చూసి పక్కింటి రత్నమ్మక్క, బజారువీధిలో ఆమెకు ఫ్యాన్సీ అంగడి ఉంది, "ఆవాలు పోపులో ఏసుకోమ్మా, ఇంద, ఇవి పట్టు" అని ఒక పొట్లం నా ఒళ్లో పడేసింది. శనగగింజంత గాజుపూసలు, ఎరుపూ పచ్చా.

తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా సంఘంలో బాప్తిస్మం తీసుకున్న స్త్రీలు నగలు వేసుకోరు. బంగారం సంగతి అటుంచండి, పూసలదండ కూడా ఉండదు. అలాంటి ఇంట్లో నేను దారం కొస కుడి పిడికిట్లో ఇరికించుకొని, ఎడమచేత్తో సూది పట్టుకొని పూసలు గుచ్చుతూ కూర్చున్నాను. మొదట కసరత్తే అనుకున్నాను. ఎరుపు పక్కన పచ్చ బాగుంటుందా, ఇంకో ఎరుపు బాగుంటుందా అని వంట మరిచి ఆలోచించిన రోజున అది కసరత్తు ఒక్కటే కాదని నాకే తెలిసిపోయింది. దండ పెరిగేది గానీ పిడికిలి వీడలేదు.

ఒక శుక్రవారం సాయంత్రం పాస్టరుగారూ, పాస్టరమ్మా, సంఘంలోని అమ్మలూ నాకోసం ప్రార్థించడానికి చెప్పాపెట్టకుండా వచ్చారు. వాకిట్లో చెప్పులు విప్పే చప్పుడు వినేసరికి ఇంకా ముడివెయ్యని దండ నా ఒళ్లో ఉంది. దిండు కింద పెడితే ఎవరైనా కూర్చుంటారు, కొంగులో పెడితే జారుతుంది. ఈ ఇంట్లో ఎవరూ తెరవమని అడగని చోటు ఒకటే ఉందని బీకాం బుర్ర క్షణంలో తేల్చేసింది. దండను ఉండచుట్టి కుడి పిడికిట్లోకి దూర్చేశాను.

పాస్టరుగారు నా తలమీద చెయ్యి పెట్టి, "తండ్రీ, నీ బిడ్డ చేతిని నువ్వే తెరువు ప్రభువా!" అని ప్రార్థించారు. నేనూ ప్రార్థించాను, "ప్రభువా, ఈ ఒక్కపూటకు ఇట్లే ఉండనీ" అని. స్వస్థత ప్రార్థనలో స్వస్థత వద్దని వేడుకున్న మనిషిని నేను ఒక్కదాన్నే అయ్యుంటాను.

స్తోత్రాలు చెబుతూ అందరూ చేతులెత్తారు, అలవాటుకొద్దీ నేనూ ఎత్తాను, ఎడమది ముందు, దాని వెనకాలే కుడిది, నెలల తరబడి భుజం దాటని చెయ్యి తల పైకి లేచి, పువ్వు విచ్చుకున్నట్టు అని రాయాలని ఉంది గానీ, తుప్పుపట్టిన తలుపులాగా ఒక్కొక్క వేలే తెరుచుకుంది! పూసలు నా తలమీద రాలి, పాస్టరుగారి బైబిలుమీద ఎగిరి, గచ్చుమీద దొర్లుకుంటూ బీరువా కిందికి పోయాయి.

హల్లెలూయా అనాలో, ఇదేమిటమ్మా అనాలో ఎవరికీ వెంటనే తేలలేదు. పాస్టరమ్మ మాత్రం పూసలవైపు చూడనేలేదు. నా అరచెయ్యి చూసి, "చెయ్యి తెరుసుకునింది సూడండప్పా!" అని ఏడ్చేసింది. దేవునికే మహిమ! పాస్టరుగారే మోకాళ్ళమీద వంగి బీరువా కింద పూసలు ఏరి నా చేతిలో పోశారు. "గుచ్చుకోమ్మా, మెళ్ళో మాత్రం ఏసుకోబాక" అన్నారు.

కసరత్తు పనిచేసిందని కుప్పంలో డాక్టర్లు అన్నారు. నేను కాదనలేదు. ఆ కసరత్తు ఆ సాయంత్రమే, ఆ నిమిషానే ఎందుకు పనిచేసిందని మాత్రం వాళ్ళను అడిగి ఇబ్బంది పెట్టలేదు.

ఇప్పుడు మదనపల్లె బస్టాండులో కాగితం కప్పును కుడిచేత్తో నలగకుండా పట్టుకొని, తాగి, నా అంతట నేనే చెత్తబుట్టలో వదిలేస్తాను. వదిలేటప్పుడు లోపల ఒక స్తోత్రం చెప్పుకుంటాను, చూసేవాళ్ళకు టీ తాగినట్టే ఉంటుంది. ప్రియులారా, మీ బ్రతుకులో ఏది బిగుసుకుపోయి ఉన్నా ఆయన దగ్గరికి తీసుకురండి. మూసిపెట్టుకొనే తీసుకురండి, తెరిచేది ఆయన పని.

సాయంత్రాలు ఇంకా పూసలు గుచ్చుతాను, సరదాకే. దండలు రత్నమ్మక్కా, ఆమె చెల్లెళ్ళూ వేసుకుంటారు. ఈ సాక్ష్యం మన పత్రికకు పంపేముందు ఆమెకు చదివి వినిపించాను. నేను గుచ్చిన ఎర్రదండ మెళ్ళో సర్దుకుంటూ ఆమె అంతా విన్నది.

"బాగుండాది గానీ అమ్మా," అంది, "ఆ పూసలు నువ్వు దాస్తివే, మీ దేవునికి కనపడకూడదనా, మీ పాస్టరుకా?"